సీజనంతా గెలవని జట్టు ఎక్కడ ఓడింది? విశాఖ కాలేజీ ఫుట్‌బాల్‌పై ఒక విశ్లేషణ

సంక్షిప్తంగా: కాలేజీ ఫుట్‌బాల్ జట్టు సీజన్ మొత్తంలో ఒక్క మ్యాచ్ కూడా గెలవకపోతే నింద కెప్టెన్ మీదో, గోల్‌కీపర్ మీదో, పీడీ (ఫిజికల్ డైరెక్టర్) మీదో పడుతుంది. లెక్క తీస్తే ఆ ఓటమిలో కొంత వాటా ఆట స్వభావానిది, కొంత పోటీ నడిపే పద్ధతిది. పెద్ద వాటా మాత్రం ఇంటర్మీడియెట్‌లో ఆట ఆగిపోయిన రెండేళ్లది, ఏటా చెదిరిపోయే జట్టుది, పూర్తి కొలత మైదానం దొరకని సాధనది.

విశాఖపట్నంలో ఒక డిగ్రీ కాలేజీ జట్టును ఊహించుకుందాం. సీజన్‌లో ఆరు మ్యాచ్‌లు ఆడింది. రెండు డ్రా చేసుకుంది, నాలుగు ఓడింది. ఇది ఫలానా కాలేజీ కథ కాదు, లెక్క కోసం కట్టుకున్న జట్టు. అయినా నగరంలో కాలేజీ ఆటలతో పరిచయం ఉన్నవాళ్లకు ఇలాంటి జట్టు కొత్తేమీ కాదు. చివరి మ్యాచ్ అయ్యాక స్టాఫ్ రూమ్‌లోనూ, క్యాంటీన్‌లోనూ ఒకే ప్రశ్న నలుగుతుంది: తప్పెవరిది? అంతకంటే ముందు అడగాల్సింది మరొకటి ఉంది. ఈ ఓటమి ఎప్పుడు మొదలైంది?

గోల్స్ తక్కువగా పడే ఆట

ఫుట్‌బాల్‌లో గోల్స్ అరుదు. ప్రపంచంలోని పెద్ద లీగుల్లో సైతం రెండు జట్లూ కలిపి మ్యాచ్‌కు కొట్టేది సగటున మూడు గోల్స్‌కు కాస్త అటూ ఇటూ. అందుకే ఒక్క పొరపాటు, ఒక్క పెనాల్టీ, డిఫెండర్ కాలికి తగిలి దారి మళ్లిన ఒక్క బంతి ఫలితాన్ని తిప్పేస్తుంది. బాస్కెట్‌బాల్‌లో బలమైన జట్టు తన బలాన్ని ఎనభై సార్లు చూపించుకోగలదు. ఫుట్‌బాల్‌లో ఆ అవకాశం రెండు మూడు సార్లకు మించి రాదు.

దీన్ని అంకెల్లో చూడొచ్చు. ఇంటర్ లెక్కల్లో చాలామంది చదువుకున్న పాయిజాన్ విభాజనమే (అరుదుగా జరిగేవి ఎన్నిసార్లు జరగొచ్చో అంచనా వేసే లెక్క) ఇందుకు సరిపోతుంది. సగటున మ్యాచ్‌కు ఒక గోల్ కొట్టే జట్టు, ఒకటిన్నర గోల్ కొట్టే జట్టుతో ఆడిందనుకుందాం. తేడా అర గోలే. చిన్న జట్టుకు గెలిచే అవకాశం దాదాపు 25 శాతం, డ్రాకు 26 శాతం, ఓటమికి 49 శాతం. ప్రత్యర్థులందరూ అదే స్థాయివాళ్లైతే, ఆరు మ్యాచ్‌లలో ఒక్కటీ గెలవకుండా సీజన్ ముగించే అవకాశం 17 శాతం పైనే ఉంటుంది. అంటే అలాంటి జట్లు ఆరు ఉంటే, వాటిలో ఒకటి గెలుపు ముఖం చూడకుండానే ఇంటికి వెళ్లొచ్చు. అది చేతకాని జట్టేమీ కాదు, అర గోల్ మాత్రమే వెనకబడిన జట్టు.

ఇదే లెక్కలో ఆరింటికి ఆరూ ఓడిపోయే అవకాశం వందకు ఒకటిన్నర కూడా లేదు. కాబట్టి ఓటముల రూపం చూడాలి. రెండు డ్రాలు, మిగతావి ఒక్క గోల్ తేడాతో పోయినవి అయితే దురదృష్టానికి కొంత వాటా ఇవ్వడం న్యాయమే. ఆరూ మూడేసి, నాలుగేసి గోల్స్ తేడాతో పోతే అదృష్టం మాట పక్కన పెట్టి కారణం వెతకాలి. పట్టికలో గెలుపుల గడి కంటే గోల్ తేడా గడి ఎక్కువ నిజం చెబుతుంది.

పోటీ పద్ధతి మరో ముడి. నాకౌట్‌లో 16 జట్లు దిగితే ఎనిమిది జట్లు ఒక్క మ్యాచ్‌తోనే సర్దుకుంటాయి. విజేత తప్ప 15 జట్లకూ చివరి జ్ఞాపకం ఓటమే. ఎవరితో ఎవరు ఆడాలో చీటీలు తీసినప్పుడు మొదటి రౌండ్‌లోనే బలమైన జట్టు ఎదురైతే నెలల సాధనకు దక్కేది ఒక పూట ఆట. కాలేజీల మధ్య పోటీలు చాలాసార్లు కొద్ది రోజుల్లోనే ముగియాలి. కారణం పైనుంచి వస్తుంది. విశ్వవిద్యాలయం తన జట్టును ఎంచుకుని, భారతీయ విశ్వవిద్యాలయాల సంఘం నడిపే దక్షిణ మండల పోటీలకు పంపాలి. అక్కడ నెగ్గిన జట్లకే అఖిల భారత పోటీ, దాని సర్ అశుతోష్ ముఖర్జీ ట్రోఫీ. కాబట్టి కాలేజీ టోర్నీ పోటీ మాత్రమే కాదు, ఎంపిక పరీక్ష కూడా. ఓడిన జట్టులోని మంచి ఆటగాడు విశ్వవిద్యాలయ జట్టుకు ఎంపికయ్యే వీలుంది. ఈ సంగతి చాలామంది తల్లిదండ్రులకు తెలియదు. జట్టు ఓడింది కాబట్టి అబ్బాయి ఏడాది వృథా అయిందనుకుంటారు.

ఇంటర్ రెండేళ్ల ఖాళీ

అసలు విషయం ఇక్కడుంది. పదో తరగతి వరకు పిల్లలకు స్కూల్ గేమ్స్ ఉన్నాయి. అండర్-14, అండర్-17 అంటూ మండలం నుంచి జిల్లాకు, జిల్లా నుంచి రాష్ట్రానికి మెట్లున్నాయి. అండర్-19 మెట్టు కూడా ఉంది, కానీ దానిమీద అడుగు పెట్టాల్సిన పిల్లలు ఆ వయసులో జూనియర్ కాలేజీ గదుల్లో ఉంటారు. ఉదయం క్లాసు, మధ్యాహ్నం క్లాసు, సాయంత్రం స్టడీ అవర్, ఆదివారం పరీక్ష. ఒక అపార్ట్‌మెంట్ భవనమే కాలేజీ అయినచోట మైదానం అన్న ప్రశ్నే రాదు. ఎంసెట్ పేరు ఈఏపీసెట్‌గా మారింది గానీ సాయంత్రాలు మాత్రం తిరిగి రాలేదు.

పదహారు, పదిహేడేళ్లు ఫుట్‌బాలర్‌కు పునాది పోసే ఏళ్లు. కాళ్లకు బలం వచ్చేది అప్పుడే. తోటివాడి పరుగును చూసి ముందే పాస్ వేయడం, ఆఫ్‌సైడ్ గీతను నలుగురు డిఫెండర్లూ కలిసి నిలబెట్టడం, ఎప్పుడు ప్రత్యర్థి మీద ఒత్తిడి పెట్టాలో ఎప్పుడు వెనక్కి తగ్గాలో గ్రహించడం అప్పుడే ఒంటబడతాయి. రెండు మూడు వారాలు సాధన ఆపితేనే దమ్ము తగ్గడం మొదలవుతుంది. రెండేళ్లు ఆపితే ఏమవుతుందో వేరే చెప్పనక్కర్లేదు. డిగ్రీ మొదటి ఏడాదిలో చేరే కుర్రాడి కాలికి పదో తరగతి నాటి నైపుణ్యం మిగిలి ఉండొచ్చు. ఒంటికి మాత్రం తొంభై నిమిషాల ఆట కొత్త.

ఈ ఖాళీని ఆంధ్ర దేశంలో దాదాపు ప్రతి కాలేజీ మోస్తోంది. అయితే అందరూ సమానంగా మోయడం లేదు. ఇంటర్‌లోనూ ఆడిన ముగ్గురు నలుగురు ఒకే కాలేజీలో చేరితే, ఆ కాలేజీ మూడేళ్ల పాటు గెలుస్తుంది. వాళ్లు వెళ్లిపోయాక అదే కాలేజీ, అదే పీడీ, అదే మైదానంతో ఓడడం మొదలవుతుంది. బయటివాళ్లకు అది హఠాత్ పతనంలా కనిపిస్తుంది.

యాభై ఐదు జోడీలు

పదకొండు మంది ఆడే జట్టులో ఇద్దరిద్దరిగా లెక్కిస్తే 55 జోడీలు ఉంటాయి. ఎడమ బ్యాక్‌కూ ఎడమ వింగ్‌కూ మధ్య ఒకటి, ఇద్దరు సెంటర్ బ్యాక్‌ల మధ్య ఒకటి, గోల్‌కీపర్‌కూ తన ముందున్న ప్రతి ఒక్కరికీ మధ్య ఒకటి. మూడేళ్ల డిగ్రీలో ఏటా సుమారు మూడో వంతు మంది బయటికి వెళతారు. మొదటి జట్టులో సీనియర్లే ఎక్కువ కాబట్టి పదకొండులో ఐదుగురు మారడం మామూలే. మిగిలిన ఆరుగురి మధ్య ఉన్న పాత జోడీలు 15. అంటే సగం కంటే తక్కువ మంది మారితే, అలవాటైన అవగాహనలో నాలుగింట దాదాపు మూడు వంతులు పోతుంది. మనుషులు ఐదుగురే మారారు, జట్టు మాత్రం కొత్తది.

బీటెక్ నాలుగేళ్లు కావడంతో ఇంజినీరింగ్ కాలేజీలకు ఈ బాధ కొంత తక్కువ. డిగ్రీ కాలేజీలకు ఇంకో చిక్కు కూడా ఉంది. రాష్ట్ర ఉన్నత విద్యామండలి 2020-21లో తెచ్చిన పాఠ్య ప్రణాళిక పది నెలల ఇంటర్న్‌షిప్‌ను తప్పనిసరి చేసింది. అందులో ఒక పూర్తి సెమిస్టర్ ఐదోదో, ఆరోదో అవుతుంది. ఉద్యోగ నైపుణ్యం కోసం పెట్టిన ఆ ఏర్పాటు మంచిదే. కానీ ఐదో సెమిస్టర్ పడేది సరిగ్గా ఫుట్‌బాల్ సీజన్ ముంగిట. కెప్టెన్ హైదరాబాద్‌లోనో, బెంగళూరులోనో ఉంటాడు. మ్యాచ్ రోజు ఉదయం రైలు దిగి బూట్లు కట్టుకుని దిగితే అతను ఆడగలడేమో గానీ, అతనితో కలిసి ఆడడం మిగతా పదిమందికి మర్చిపోయిన సంగతి.

పీడీ పరిస్థితీ చూడాలి. చాలా కాలేజీల్లో కబడ్డీ, వాలీబాల్, క్రికెట్, అథ్లెటిక్స్, ఫుట్‌బాల్ అన్నింటికీ ఒక్కరే. ఆయన సొంత ఆట కబడ్డీ అయితే ఫుట్‌బాల్ కుర్రాళ్లకు దక్కేది క్రమశిక్షణ, ఫిట్‌నెస్, ఓ మంచి మాట. వ్యూహం మాత్రం యూట్యూబ్ చూసి నేర్చుకోవాలి. ఇందులో ఆయన తప్పు వెతకడం అన్యాయం.

మైదానం ఎంత, టర్ఫ్ ఎంత

విశాఖలో మైదానాలు లేవనడం సరికాదు. ఆంధ్ర విశ్వవిద్యాలయం ప్రాంగణం, పోర్టు, రైల్వే, ఉక్కునగరం, నేవీ ప్రాంతాల్లో విశాలమైన ఆటస్థలాలున్నాయి. ఇబ్బంది అందుబాటుది. సంస్థల మైదానాలకు సొంత సిబ్బంది, సొంత వేళలు, అనుమతులు ఉంటాయి. నగరంలో ఖాళీగా కనిపించే పెద్ద స్థలం సభలకూ, ఎగ్జిబిషన్లకూ కూడా అదే. 2022 నవంబరులో ప్రధానమంత్రి బహిరంగ సభ జరిగింది ఏయూ ఇంజినీరింగ్ కాలేజీ మైదానంలోనే. సభ ఎక్కడ జరిగినా, గుంజలు పాతి, లారీలు తిరిగిన నేల మళ్లీ ఆటకు పనికి రావాలంటే కొన్నాళ్లు పడుతుంది.

ఈ లోటును కొన్నేళ్లుగా అద్దె టర్ఫ్‌లు (కృత్రిమ గడ్డి పరిచిన చిన్న కోర్టులు) పూరిస్తున్నాయి. రాత్రి పదింటికి పదిమంది తలా కొంత వేసుకుని గంటసేపు ఆడుకోవచ్చు. ఆట బతికి ఉండడానికి ఇది చాలా మేలు చేసింది. అయితే టర్ఫ్ ఆట వేరు, పదకొండు మంది ఆట వేరు. 100 మీటర్ల పొడవు, 64 మీటర్ల వెడల్పు ఉన్న మైదానంలో 22 మంది ఆడితే ఒక్కొక్కరి వాటా సుమారు 290 చదరపు మీటర్లు. 40కి 20 మీటర్ల కోర్టులో పదిమంది ఆడితే ఒక్కొక్కరికి 80. అక్కడ బంతి ఎప్పుడూ రెండడుగుల దూరంలో ఉంటుంది, గోడకో వలకో తగిలి వెనక్కి వస్తుంది. ఆఫ్‌సైడ్ ఉండదు. నలభై గజాల క్రాస్ కొట్టే అవసరం రాదు, గాల్లో వచ్చే బంతిని తలతో తప్పించే అవసరమూ రాదు. టర్ఫ్‌లో ఆరితేరిన కుర్రాళ్లు పెద్ద మైదానంలో దిగితే చిన్న పాస్‌లు అందంగా వేస్తారు. కార్నర్ కిక్ వచ్చేసరికి ఎవరిని ఎవరు కాచుకోవాలో తెలియక గోల్ ఇచ్చేస్తారు.

గ్రావెల్ నేల మీద మరో మార్పు వస్తుంది. బంతి ఎటు ఎగురుతుందో తెలియదు కాబట్టి డిఫెండర్ ఆపి పాస్ ఇవ్వడు, బలంగా ముందుకు తన్నేస్తాడు. ఆట అంతా పొడుగు బంతుల వెంట పరుగుగా మారుతుంది. అలాంటి ఆటలో ఎత్తూ బరువూ ఉన్న జట్టుదే పైచేయి. కింద పడితే మోకాళ్లు చెక్కుకుపోతాయని ట్యాక్లింగ్‌కు వెనకాడేవాళ్లు ఎందరో.

ఉక్కపోతలో చివరి పావుగంట

ఫుట్‌బాల్‌లో ఆఖరి పదిహేను నిమిషాల్లోనే గోల్స్ ఎక్కువ పడతాయన్నది అన్ని స్థాయుల్లోనూ కనిపించేదే. కాళ్లు అలసినప్పుడు ముందు దెబ్బతినేది పరుగు కాదు, ఏకాగ్రత. ప్రత్యర్థి వెనక నుంచి జారుకుంటున్నా తల తిప్పి చూడరు. విశాఖ గాలిలోని తేమ దీన్ని పెంచుతుంది. చెమట పడుతుంది గానీ ఆరదు, ఆరకపోతే ఒళ్లు చల్లబడదు. మధ్యాహ్నం రెండింటికి మొదలయ్యే మ్యాచ్‌కూ, సముద్రపు గాలి తిరిగాక నాలుగున్నరకు మొదలయ్యే మ్యాచ్‌కూ ఎంత తేడా ఉంటుందో ఆడినవాళ్లకు తెలుసు. వృత్తి ఆటగాళ్లలో మిడ్‌ఫీల్డర్ మ్యాచ్‌కు పది కిలోమీటర్లకు పైగా పరుగెడతాడు. వారానికి మూడు సాయంత్రాల సాధనతో ఆ దమ్ము రాదు. పైగా అక్టోబరు ఇక్కడ వానల నెల. సీజన్ ముందు సాధనకు మిగిలిన కొద్ది సాయంత్రాలను అల్పపీడనాలు తినేస్తాయి.

గోల్స్ ఏ నిమిషంలో పడ్డాయో రాసిపెట్టుకున్న జట్టుకు తన రోగం తెలుస్తుంది. అరవయ్యో నిమిషం వరకు సమంగా ఉండి తర్వాత మూడు గోల్స్ ఇచ్చిన జట్టుకు కావాల్సింది కొత్త వ్యూహం కాదు, దమ్ము, బెంచి మీద ఆడగలిగిన నలుగురు. మొదటి ఇరవై నిమిషాల్లోనే మునిగిన జట్టు సంగతి వేరు. అది సన్నాహం లేకుండా, ఒకరికొకరు తెలియకుండా దిగిన జట్టు. స్కోరు కార్డులో రెండూ 0-3గానే ఉంటాయి.

హైదరాబాద్, మలబార్, అనంతపురం

తెలుగువాళ్లకు ఫుట్‌బాల్ అబ్బదన్న మాట అబద్ధం. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 వరకు వరసగా ఐదేళ్లు రోవర్స్ కప్ గెలిచింది. ఆ జట్టును తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీం వృత్తిరీత్యా ఉపాధ్యాయుడు. భారత జట్టు 1951, 1962 ఏషియన్ గేమ్స్‌లో స్వర్ణం గెలిచినప్పుడూ, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచినప్పుడూ కోచ్ ఆయనే. ఆంధ్రప్రదేశ్ 1965-66లో రాష్ట్రాల జట్ల జాతీయ పోటీ అయిన సంతోష్ ట్రోఫీ నెగ్గింది. రహీం పద్ధతిలో ఆసక్తికరమైనది ఆయన పెట్టిన చిన్న చిన్న టోర్నీలు: డ్రిబ్లింగ్ చేయకూడదన్న నియమంతో ఒకటి, బలహీనమైన కాలితోనే ఆడాలన్న నియమంతో మరొకటి. బోలెడన్ని మ్యాచ్‌లు, ప్రతి మ్యాచ్‌లో ఒక పాఠం.

అయితే ఆ వైభవానికి కేంద్రం హైదరాబాద్. 2014 జూన్ 2 తర్వాత ఆ క్లబ్బులు, ఆ మైదానాలు, ఆ కోచ్‌ల పరంపర తెలంగాణలో ఉండిపోయాయి. కోస్తాకు దక్కింది చరిత్ర పుస్తకం మాత్రమే. 2020లో జాతీయ స్థాయి క్లబ్బుల లీగ్ అయిన ఐ-లీగ్‌లో చేరేందుకు విశాఖపట్నం పేరు మీద ఒక క్లబ్బుకు అనుమతి దొరికింది. ఆ క్లబ్బు చివరికి శ్రీనిధి డెక్కన్‌గా హైదరాబాద్ కేంద్రంగా ఆడింది, రెండుసార్లు ఐ-లీగ్ రన్నరప్‌గానూ నిలిచింది. అది ఇక్కడే ఉండి ఉంటే నగరంలోని పద్దెనిమిదేళ్ల కుర్రాడికి శనివారం సాయంత్రం చూడ్డానికీ, ప్రయత్నించడానికీ ఒక జట్టు ఉండేది.

దక్షిణ మండలంలో కేరళ విశ్వవిద్యాలయాలు ఎదురైనప్పుడు ఆ తేడా కళ్లకు కడుతుంది. కాలికట్ విశ్వవిద్యాలయం అఖిల భారత టైటిల్‌ను ఎన్నోసార్లు గెలుచుకుంది. ఉత్తర కేరళలోని మలబార్‌లో వానలు తగ్గాక ఊరూరా సెవెన్స్ (జట్టుకు ఏడుగురు ఆడే) టోర్నీలు మొదలై వేసవి దాకా సాగుతాయి. అక్కడి కాలేజీ కుర్రాడు జనం అరుస్తుండగా, ఒత్తిడిలో, ఏడాదికి డజన్ల కొద్దీ మ్యాచ్‌లు ఆడి వస్తాడు. విశాఖ కుర్రాడు ఆరు ఆడి వస్తాడు. ఇద్దరి కాళ్లూ ఒకటే, ఆడిన గంటలే వేరు.

మన రాష్ట్రంలోనే అనంతపురం ఇంకో దారి చూపించింది. విసెంట్ ఫెర్రర్ 1969లో స్థాపించిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్ అక్కడ క్రీడా గ్రామాన్ని కట్టి, పల్లె పిల్లలకు లీగ్ పద్ధతిలో ఫుట్‌బాల్ నేర్పించింది. వానలు తక్కువ, పెద్ద నగరం కాదు, సముద్రతీరం లేదు. అక్కడ కుదిరింది మ్యాచ్‌ల క్యాలెండర్.

విశాఖలో క్యాలెండర్‌ను చిన్నది చేసిన పరిణామాలు మరికొన్ని ఉన్నాయి. 1926లో పుట్టిన ఆంధ్ర విశ్వవిద్యాలయం పరిధి ఒకప్పుడు చాలా పెద్దది. 2006లో రాజమహేంద్రవరంలో ఆదికవి నన్నయ, 2008లో శ్రీకాకుళంలో అంబేడ్కర్ విశ్వవిద్యాలయం వచ్చాక పరిధి తగ్గింది, ప్రత్యర్థి కాలేజీలూ తగ్గాయి. జేఎన్‌టీయూ అనుబంధ ఇంజినీరింగ్ కాలేజీల పోటీలు వేరు, గీతం వంటి డీమ్డ్ విశ్వవిద్యాలయం తన జట్టును తానే నేరుగా పంపుతుంది. పక్కపక్క వీధుల్లో ఉన్న కాలేజీలు అధికారిక టోర్నీలో ఒకదానికొకటి ఎదురుపడకుండానే ఏళ్లు గడిచిపోతాయి. 2022 ఏప్రిల్‌లో జిల్లాల విభజన జరిగాక అనకాపల్లి, పాడేరు కుర్రాళ్లు వేరే జిల్లాల లెక్కలోకి వెళ్లారు.

ఓడిన తర్వాత జరిగేవి

వరస ఓటముల మొదటి ఫలితం సాధనకు వచ్చేవాళ్లు తగ్గడం. పద్దెనిమిది మంది పన్నెండు మంది అవుతారు. పన్నెండు మందితో పదకొండుకు పదకొండు ఆడడం కుదరదు, కాబట్టి సాధన నాణ్యత పడిపోతుంది, దాంతో తర్వాతి మ్యాచ్ మరింత కష్టమవుతుంది. ఏడుగురుంటే మ్యాచ్ మొదలుపెట్టొచ్చని నిబంధన ఉంది. పదిమందితోనే దిగాల్సి వస్తుందేమోనన్న భయం జట్టులో మొదలైతే సీజన్ అక్కడే సగం ముగిసినట్టు. అమ్మాయిల జట్లలో ఈ ఇబ్బంది ఇంకా తీవ్రం, సాయంత్రం ఆరు దాటితే ఇంటినుంచి ఫోన్లు మొదలవుతాయి.

రెండో ఫలితం డబ్బు మీద. క్రీడా నిధి నుంచి బూట్లు, బంతులు, ప్రయాణ ఖర్చులు పంచేటప్పుడు పతకం తెచ్చిన ఆటకే మొదటి చూపు. క్రికెట్‌తో పోలిస్తే ఫుట్‌బాల్ ఎప్పుడూ వెనకే. మధురవాడ స్టేడియంలో 2005లో ధోనీ 148 కొట్టిన ఊరిది. తొమ్మిదేళ్ల పిల్లాడు ఏ ఆట వైపు చూస్తాడో ఊహించడం కష్టం కాదు.

అయినా పునరుద్ధరణకు పెద్ద ఖర్చు అక్కర్లేదు. మ్యాచ్‌ల సంఖ్య పెరగాలి. నాలుగు కాలేజీలు మాట్లాడుకుని ఆదివారాలు ఇంటా బయటా ఆడుకుంటే ఒక్కో జట్టుకు ఆరు మ్యాచ్‌లు, అంటే పైన ఊహించిన సీజన్ అంత, అదనంగా దొరుకుతాయి. రైల్వే, పోర్టు, నేవీ ఉన్న ఊళ్లో ఉద్యోగుల జట్లతో స్నేహపూర్వక మ్యాచ్ అడిగితే కాదనేవాళ్లు తక్కువ. అలాంటి జట్టు చేతిలో 0-5 ఓడినా నేర్చుకునేది ఎక్కువ. ఇంటర్న్‌షిప్ సెమిస్టర్‌ను క్రీడాకారులకు ఐదుకు బదులు ఆరుగా కేటాయించే వీలుందేమో ప్రిన్సిపాల్ స్థాయిలో చూడొచ్చు.

అన్నింటికంటే ముందు ప్రవేశాలు. 2020 నుంచి డిగ్రీ సీట్లు ఆన్‌లైన్ పద్ధతిలో నిండుతున్నాయి. పీడీ ఒక కుర్రాణ్ని వెంటబెట్టుకుని ప్రిన్సిపాల్ గదికి వెళ్లి సీటు ఇప్పించే రోజులు చాలావరకు పోయాయి. కుర్రాడు వెబ్ ఆప్షన్లు పెట్టేలోపే అతన్ని కలవాలి, క్రీడా కోటా పత్రాలు సిద్ధం చేయించాలి, ఫలానా కాలేజీని మొదటి ఆప్షన్‌గా పెట్టమని ఇంట్లోవాళ్లకు చెప్పాలి. ఈ ఏడాది మూడో సంవత్సరం పూర్తి చేసుకుని వెళ్లిపోతున్న గోల్‌కీపర్ స్థానంలో వచ్చే సీజన్‌లో ఎవరు నిలబడతారో తేలేది ఆ పది పదిహేను రోజుల్లోనే.